నేలలోని చిన్న చీమలు: పేరు తెలియని పురుగుకు మందు చెప్పవచ్చునా?

పొలంలో మొలక పలచబడినప్పుడు విస్తరణ శాస్త్రవేత్త నింపే సర్వే పత్రంలో పురుగు పేరు రాయవలసిన గడి ఒకటి ఉంటుంది. వరిలో కాండం తొలిచే పురుగైతే ఆ గడిలో శాస్త్రీయ నామం సహా కనబడుతుంది. దోమ అయితే గోధుమరంగు దోమా, తెల్లమచ్చ దోమా అన్న వివరం కూడా చేరుతుంది. నేలలో చీమ కనబడిన చోట మాత్రం 'చీమలు' అన్న ఒక్క మాటతో గడి నిండిపోతుంది. పక్క గడిలో మందు పేరు, మోతాదు తప్పకుండా ఉంటాయి. పురుగు పేరు తెలియకుండా మోతాదు చెప్పడాన్ని మన వృత్తిలో మరెక్కడా అంగీకరించము. చీమ విషయంలో ఎందుకు అంగీకరిస్తున్నామన్నదే నా ప్రశ్న.

నేను సేద్య విభాగానికి చెందినవాడిని. కీటక శాస్త్రం నా శాఖ కాదు. అయినా చదరపు మీటరుకు ఎన్ని మొక్కలు నిలిచాయో లెక్కించడం నా పని. ఆ లెక్క తప్పిన ప్రతిసారీ విత్తనం నాణ్యత, పదును, విత్తిన లోతు చూసి, ఏదీ కారణం కాదని తేలాక నేలలోకి చూడక తప్పలేదు. అక్కడ కనబడినవాటిలో చాలా భాగం రెండు మిల్లీమీటర్లకు మించని చీమలు.

విజయవాడకు వాయవ్యంగా ఉన్న కొండపల్లి ప్రాంతం ఈ విషయం నేర్పడానికి అనువైన చోటు. కొండల వరుస, రిజర్వు అడవి, కొండ దిగువన గులకరాళ్ళతో కూడిన ఎర్రనేల ఒక పక్క. కృష్ణ వెంబడి కిందికి దిగి ప్రకాశం బ్యారేజీ దాటితే కాలువల కింద డెల్టా నల్లనేల మరొక పక్క. విద్యార్థులను ఒకే రోజు రెండు చోట్లా తిప్పవచ్చు. అక్కడ రైతులను అడిగితే 'ఎర్రచీమ' అన్న మాట మూడు వేర్వేరు జీవులకు వినబడుతుంది. జి.కొండూరు, మైలవరం మామిడి తోటల్లో ఆకులను కలిపి కుట్టి గూడు కట్టేది ఒక ఎర్రచీమ. అది ఈకోఫిల్లా స్మరాగ్డినా. వరి గట్ల మీద మట్టి పొడిని కుప్పగా తోడి, కాలు పెడితే మంట పుట్టేలా కుట్టేది ఇంకొక ఎర్రచీమ. అది సోలెనాప్సిస్ జెమినాటా. కోస్తా ఇసుక నేలల్లో వేరుశనగ పీకినప్పుడు కాయకు రంధ్రం పడి, పప్పు పోయి, లోపల మట్టి నిండి ఉంటే ఆ పని చేసినవాటిలో డోరిలస్ ఓరియంటాలిస్ ఒకటి కావచ్చు. దాన్ని చూసినవారూ ఎర్రచీమే అంటారు.

రైతు ఇలా పిలవడంలో దోషం లేదు. ఆయనకు రంగు, కాటు ముఖ్యం. మనం కూడా అదే మాటను పత్రంలోకి ఎక్కించి ఊరుకోవడమే దోషం. మామిడి మీది చీమ కొమ్మలెక్కి పురుగులను వేటాడుతుంది; పిండినల్లిని కాపాడి కొంత చెరుపూ చేస్తుంది. గట్టు మీది చీమ పొడి దుక్కిలో వెదజల్లిన వరి గింజలను మోసుకుపోతుంది. వేరుశనగ కింది చీమ భూమి పైకి దాదాపు రాదు. దుంపలు, వేళ్ళు, కాయలు దాని ఆహారం. ఈశాన్య రాష్ట్రాల్లో బంగాళాదుంపకు అది పేరున్న శత్రువు. ఈ మూడింటికీ ఒకే మందును, ఒకే విధంగా నేలలో పోయమని చెప్పడం సలహా అనిపించుకోదు.

సోలెనాప్సిస్ జెమినాటా కథ ఇంకొంచెం చిక్కైనది. కాలువ నీరు ఆలస్యమైన సంవత్సరాల్లో నేరుగా విత్తే వరి వైపు రైతులు మొగ్గుతున్నారు. వానకు ముందు పొడి నేలలో పైపైన పడిన గింజ ఈ చీమకు తేలికగా దొరుకుతుంది. విత్తిన వెంటనే తడి ఇస్తే, గింజ మట్టిలో కప్పబడితే నష్టం తగ్గుతుంది. అదే చీమ, పైరు నిలిచాక, గట్ల మీది నుంచి పొలంలోకి వచ్చి వరి పురుగులను పట్టి తింటుంది. ఫిలిప్పీన్స్ వరి పొలాల్లో దీన్ని శ్రద్ధగా పరిశీలించారు. విత్తే వారంలో శత్రువు, పిలక దశలో మిత్రుడు అయిన జీవిని గట్లన్నీ తడిసేలా మందు కొట్టి చంపమని చెప్పే ముందు అది ఆ జీవేనా అన్నది రూఢి కావాలి.

ఇక గుర్తింపు సంగతి. విద్యార్థి చేతికి చీమను ఇస్తే మొదట చెప్పేది రంగు, తరువాత పరిమాణం. నేల అడుగున బతికే చీమల విషయంలో ఈ రెండే అందరికంటె ఎక్కువగా మోసం చేస్తాయి. దీనికి కారణం ఉంది. చీకటిలో, ఇరుకు సొరంగాల్లో తరతరాలుగా బతికిన చీమల్లో రంగు వెలసి తేనె పసుపుకు దిగుతుంది, కళ్ళు చిన్నవై ఒకటి రెండు చుక్కలుగా మిగులుతాయి లేదా పూర్తిగా పోతాయి, కాళ్ళు, మీసాలు పొట్టివవుతాయి. ఏ వంశంలో పుట్టినా నేల వాటిని ఒకే పోతలో పోసినట్లు చేస్తుంది. హైపోపొనెరా, డోరిలస్, ఆక్రోపైగా అన్న మూడు ప్రజాతుల శ్రామిక చీమలను ఒక తెల్ల పళ్ళెంలో పక్కపక్కన పెడితే, అలవాటు లేని కంటికి మూడూ పసుపుపచ్చని, చిన్న, కళ్ళు కనబడని చీమలే. అవి మూడు వేర్వేరు ఉపకుటుంబాలకు చెందినవి. మొదటిది స్ప్రింగ్‌టెయిళ్ళ వంటి సూక్ష్మజీవులను వేటాడుతుంది. పంటకు దానితో పేచీ లేదు. రెండవది పంటను తింటుంది. మూడవది పంటను ముట్టదు కాని వేళ్ళను పీల్చే పిండినల్లిని పశువుల్లా పెంచుతుంది. ఆక్రోపైగా రాణి కొత్త గూడు పెట్టడానికి ఎగిరిపోయేటప్పుడు ఒక పిండినల్లిని దవడల్లో పట్టుకుని మరీ వెళుతుంది. మన ఆడపిల్లలు అత్తవారింటికి తోడుపెయ్యను తోలుకుపోయినట్లే అని తరగతిలో అంటుంటాను, విద్యార్థులు మరచిపోరు.

కాబట్టి చూడవలసింది నేల మార్చలేని భాగాలను. వాటిలో మొదటిది నడుము. పాఠ్యపుస్తకాలు దీన్ని వృంతం అంటాయి. ఆకు తొడిమకూ అదే మాట వాడే మన విద్యార్థులకు అది గందరగోళం; నేను నడుము అనే అంటాను, దాని మీది బుడిపెను కణుపు అంటాను. ఇరవై రెట్ల కటకంతో పక్క నుంచి చూస్తే కణుపు ఒకటా, రెండా అన్నది తెలుస్తుంది. అసలు నడుమే సన్నబడకుండా, మీసాలు పూసలు గుచ్చినట్లు నిటారుగా ఉంటే అది చీమే కాదు, చెద. చీమ మీసానికి మోచేయి వంటి వంపు ఉంటుంది. ఈ ఒక్క తేడా చూడక వేరుశనగ చెద నష్టాన్ని చీమ ఖాతాలో వేసిన పత్రాలు నేను తక్కువ చూడలేదు.

కణుపు ఒకటే ఉంటే ఉదరం కొన చూడాలి. కొనలో కొండి బయటికి కనబడి, ఉదరం మొదటి రెండు ఖండితాల మధ్య చిన్న నొక్కు ఉంటే హైపోపొనెరా వైపు వెళ్ళాలి. కొండి లేకుండా కొన గుండ్రని రంధ్రంగా ముగిసి, చుట్టూ రోమాల అంచు ఉంటే అది ఆమ్లం చిమ్మే చీమల ఉపకుటుంబం; ఆక్రోపైగా అక్కడిదే, చెట్టు మీది ఈకోఫిల్లా కూడా అక్కడిదే. కళ్ళు బొత్తిగా లేక, ఉదరం చివరి పై ఫలకం అణిచినట్లు చదునుగా ఉండి అంచున చిన్న ముళ్ళు ఉంటే డోరిలస్. అందులో మీసానికి 9 ఖండితాలే ఉంటే డోరిలస్ ఓరియంటాలిస్; మన దేశంలోనే ఉన్న డోరిలస్ లేబియేటస్‌లో అంతకంటె ఎక్కువ ఉంటాయి. ఈ లెక్కకు కటకం చాలదు, మైక్రోస్కోపు కావాలి. ప్రతి కృషి విజ్ఞాన కేంద్రంలోనూ అది ఉంది. ఎక్కువ రోజులు కవరు కిందే ఉంటుంది.

రెండు కణుపులున్న చిన్న చీమలే మన పొలాల్లో అధికం. ఇక్కడ మీసం కొన మాట్లాడుతుంది. చివరి ఖండితాలు లావై గద ఆకారం కడతాయి. ఆ గదలో రెండు ఖండితాలే ఉండి, మీసం మొత్తం మీద 10 ఉంటే, ఉరం వెనుక భాగంలో ముళ్ళు లేకపోతే సోలెనాప్సిస్. గదలో మూడు ఖండితాలుండి ముళ్ళు లేకపోతే సాధారణంగా మోనోమోరియం. ఇంట్లో పంచదార డబ్బాకు పట్టే చలిచీమల్లో కొన్ని ఈ ప్రజాతివే. మీసంలో 12 ఖండితాలు, మూడు ఖండితాల గద, ఉరం వెనుక ముళ్ళు, గూటిలో పెద్ద తల సైనికులు ఉంటే ఫీడోల్. గదలో రెండే ఖండితాలుండి, మీసం 9 నుంచి 11 వరకు ఉండి, ఉరం వెనుక తరచుగా చిన్న పళ్ళు ఉండి, చిన్న శ్రామికుల కన్ను ఒక చుక్కగానో అసలు లేకుండానో ఉంటే కెరెబారా. కెరెబారాలో చాలా జాతులు చెదపుట్టల పక్కన, లోపల కాపురముంటాయి. చెదల గుడ్లు, పిల్లలు వాటికి ఆహారం. కొండపల్లి కొండ దిగువన పుట్టలకు కొదవ లేదు. అటువంటి చోట 'చీమలూ చెదలూ ఉన్నాయి, రెండింటికీ కలిపి కొట్టండి' అని సలహా ఇస్తే చెదను అదుపులో పెట్టే జీవినే ముందు చంపినట్లవుతుంది. మందు పైపొరలోని చీమకు తగిలినంత సులువుగా లోతున ఉన్న చెద రాణికి తగలదు.

ఒక్క చీమను పట్టుకుని పేరు చెప్పమంటే నేను చెప్పను. ఒకే గూటిలో రూపాలు వేరుగా ఉంటాయి. కెరెబారా డైవర్సా చిన్న శ్రామికుడికీ అతిపెద్ద శ్రామికుడికీ ఎండు బరువులో 500 రెట్ల తేడా ఉంటుంది. విడివిడిగా తెచ్చి ఇస్తే వాటిని అన్నదమ్ములని ఎవరూ నమ్మరు. డోరిలస్ మగది ఇంకా దూరం. తొలకరి రాత్రుళ్ళు దీపాల చుట్టూ తిరిగే, లావుపాటి పొడుగు ఉదరం గల, రెక్కలున్న గోధుమరంగు పురుగు అదే. విద్యార్థులు దాన్ని కందిరీగ పెట్టెలో గుచ్చి తెస్తారు. వారిని తప్పు పట్టలేము. 1764లో లిన్నేయస్ అంతటివాడు ఆఫ్రికా డోరిలస్ మగదాన్ని కందిరీగ ప్రజాతిలోనే చేర్చాడు. అందుకే గూటికి కనీసం ఇరవై చీమలను, చిన్నవీ పెద్దవీ కలిపి, తేవాలని నియమం పెట్టాను.

నేల అడుగున ఉన్నవాటిని పట్టడం కష్టమనే మాట తరచు వింటాను. రంధ్రాలు చేసిన ప్లాస్టిక్ గొట్టంలో నూనెలో ముంచిన వేరుశనగ పలుకులు వేసి జానెడు లోతున పాతి, మరునాడు తీస్తే చాలు, సగం పని అయినట్లే. డోరిలస్ నూనెకు వస్తుంది. ఆకు చెత్తలోనివాటికి 1905 నాటి బెర్లేసే గరాటు ఇప్పటికీ పనికొస్తుంది. పైన బల్బు, కింద ఆల్కహాలు సీసా. వేడికి జడిసి పురుగులు కిందికి దిగుతాయి.

ఇంత పరిశ్రమ ఎవరికి తీరికని నా సహచరులే అడుగుతారు. రైతు గట్టు మీద నిలబడి 'ఏం కొట్టమంటారు సార్' అంటే మీసం ఖండితాలు లెక్కపెడుతూ కూర్చోగలమా అంటారు. ఈ అభ్యంతరాన్ని నేను తేలికగా తీసుకోను. కాని చరిత్ర కూడా చూడాలి. ఒక తరం చీమ అంటే గమాక్సిన్ పొడి చల్లమన్నది, బి.హెచ్.సి. 1997లో నిషేధానికి గురైంది. తరువాతి తరం ఫోరేటు గుళికలు వేయమన్నది; అవి 2020 డిసెంబరు 31తో ముగిశాయి. ఇప్పుడు క్లోరిపైరిఫాస్ వంతు. దాన్ని 2025లో స్టాక్‌హోం ఒప్పందపు సభ్యదేశాలు, కొన్ని మినహాయింపులతో, తొలగించవలసిన రసాయనాల జాబితాలో చేర్చాయి. అన్ని చీమలకూ ఒకే జవాబుగా ఉన్న మందులు ఒక్కొక్కటే చేతిలోంచి జారిపోతున్నాయి. రేపు మిగిలేవి ఎర, విత్తే సమయం, తడి, పంట మార్పిడి. జీవి పేరు తెలియకుండా ఇవి ఏవీ పని చేయవు. నూనె ఎరకు వచ్చే చీమ వేరు, గింజ ఎరకు వచ్చే చీమ వేరు.

ఫోను కెమెరాతో తీస్తే యాప్ పేరు చెబుతుంది కదా అన్నది మరో మాట. ఈకోఫిల్లా వంటి పెద్ద చీమకు చెబుతుంది, నేనూ వాడతాను. రెండు మిల్లీమీటర్ల చీమ గదలో ఖండితాలు రెండా మూడా అన్నది ఆ ఫొటోలో ఉండదు. లేనిదాన్ని ఏ యంత్రమూ చదవలేదు. డి.ఎన్.ఏ. పరీక్ష మంచిదే. అయితే వచ్చిన వరుసను పోల్చడానికి, ఎవరో ఒకరు శరీర లక్షణాలు చూసి పేరు పెట్టిన నమూనా ముందుగా ఉండాలి.

శరీర లక్షణాలతో ఎంతవరకు వెళ్ళాలన్న దానిలో నా అభిప్రాయం మితమైనదే. 2016లో ప్రచురితమైన భారతీయ చీమల జాబితాలో 100 ప్రజాతులు, 828 జాతులు, ఉపజాతులు ఉన్నాయి. విస్తరణ శాస్త్రవేత్త వీటన్నిటినీ వేరు చేయాలని నేను అనను. ప్రజాతి వరకు ఆయన వెళ్ళాలి. అక్కడ ఆగి, జాతి నిర్ధారణకు బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థకు పంపాలి. బింగ్‌హాం 1903లో ప్రచురించిన సంపుటంలోని గుర్తింపు పట్టికలు ఇప్పటికీ ఉపయోగపడతాయి గాని అందులో పేర్లు చాలా మారాయి. మూలంగా కాక తోడుగా వాడుకోవాలి. తెలియనిదాన్ని తెలిసినట్లు రాయడం కంటె 'కెరెబారా, జాతి తేలలేదు' అని రాయడం ఎక్కువ శాస్త్రీయం.

ఆగకూడని సందర్భం ఒకటి ఉంది. సోలెనాప్సిస్ ఇన్విక్టా అనే దక్షిణ అమెరికా నిప్పుచీమ 2001లో బ్రిస్బేన్‌లో, 2003లో తైవాన్‌లో బయటపడింది, తరువాత చైనాకు విస్తరించింది. ఓడ సరుకుతో ప్రయాణించే చీమ అది. విశాఖపట్నం, మచిలీపట్నం తీరమున్న రాష్ట్రం మనది. మన గట్ల మీద ఉన్న జెమినాటాకూ దానికీ పైకి కనబడే పోలిక ఎక్కువ. ముఖం ముందు ఫలకం అంచున నడిమధ్య ఒక చిన్న పన్ను ఇన్విక్టాకు ఉంటుంది, జెమినాటాకు సాధారణంగా ఉండదు. జెమినాటా పెద్ద శ్రామికుల తల వెనుక లోతైన గాడితో రెండుగా చీలినట్లు కనబడుతుంది. ఆ పన్నును చూసే అలవాటున్న కన్ను జిల్లాకు ఒకటైనా లేకపోతే, అది వచ్చిన చాలా ఏళ్ళకు గాని 'ఎర్రచీమలు ఎక్కువయ్యాయి' అన్న వార్త మనకు అందదు.

నమూనాల సంగతి చెప్పక తప్పదు. నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన టి.సి. జెర్డన్ 1851లో దక్షిణ భారత చీమల జాబితా ప్రచురించాడు. కెరెబారా డైవర్సాకు మొదట పేరు పెట్టినది ఆయనే. ఆయన వర్ణించిన చీమల్లో కొన్నిటి మూల నమూనాలు నేడు ఎక్కడా లేవు. వర్ణన మిగిలింది, వర్ణించిన జీవి మిగలలేదు. ఆ రోజుల్లో ఉష్ణదేశంలో పెట్టె కాపాడటం కష్టమే. మనకు ఆ సాకు లేదు. గ్రామీణ వ్యవసాయ కార్యానుభవ కార్యక్రమంలో ప్రతి విద్యార్థి పల్లెలో నెలలు గడుపుతాడు. ఒక్కొక్కరు ఒక్క సీసా, ఒకే గూటిది, తెస్తే నాలుగేళ్ళలో కృష్ణా డెల్టాకు నమ్మదగిన సేకరణ తయారవుతుంది. దానికి మార్కులు కేటాయించాలని మా విద్యా సమీక్షా సమావేశంలో ప్రతిపాదించాను. కీటకాల పెట్టెకు సీతాకోకచిలుకలు చాలునన్నారు. ఈ ఏడాది మళ్ళీ ప్రతిపాదిస్తాను.

కొండపల్లిలో బొమ్మలు చెక్కేవారు అడవి నుంచి వచ్చిన తెల్లపొణికిని చేత్తో ఎత్తి, గోటితో గీరి, ఇది పనికొస్తుంది, ఇది రాదు అంటారు. అన్నీ కట్టెలే కదా అని ఎవరూ వారితో అనరు. మా విద్యార్థులను అక్కడికి తీసుకువెళ్ళేది బొమ్మలు కొనడానికే అనుకుంటారు, కొంటారు కూడా.

సీసా విషయంలో ఒక సూచన. 75 శాతం ఆల్కహాలు పోయాలి, డి.ఎన్.ఏ. కూడా కావాలంటే 95 శాతం. చీటీ సీసా లోపలే వేయాలి, పైన అతికించినది ఊడిపోతుంది. చీటీ మీద పెన్సిలుతో రాయాలి, బాల్ పెన్ను సిరా ఆల్కహాలులో కరుగుతుంది. ఊరు, తేదీ, పంట, నేల రకం, ఎంత లోతున దొరికింది, పక్కన చెద గాని పిండినల్లి గాని ఉన్నదా, తెచ్చినవారి పేరు ఉండాలి. 'చీమలు' అన్న మాట చీటీ మీద అవసరం లేదు. అది సీసాలో కనబడుతూనే ఉంటుంది.